కొంగలమడుగు గైడుకు జేజేలు

దేవుడు మనిషికి రెండు కళ్లు ఇచ్చి పెద్ద పొరపాటు చేశాడు. ఒక గైడును ఇచ్చి ఉంటే సరిపోయేది!

కోపం తెచ్చుకోకండి. నిదానంగా ఆలోచించండి. కళ్లతో ఏం లాభం? అవి ఎటు పడితే అటు తిరుగుతాయి. చెట్టును చూడమంటే చెట్టు కింద బీడీ కాలుస్తున్నవాణ్ణి చూస్తాయి. వాణ్ణి చూస్తూ చూస్తూ మూతలు పడతాయి. వాటికి టైము లేదు, క్రమశిక్షణ లేదు, ఒక పద్ధతి లేదు. అదే గైడు అయితేనో? ఏది చూడాలో చెప్తాడు. ఎంతసేపు చూడాలో చెప్తాడు. చూశాక ఎంత ఆశ్చర్యపోవాలో కూడా ఆయనే చెప్తాడు. మనం నోరు తెరిచి నిలబడితే చాలు.

గైడు లేకుండా లోకం చూడబోయినవాళ్లు ఏమయ్యారో నాకు తెలుసు. భైంసాలో ఒక పత్తి వ్యాపారి ఉండేవాడు. బుద్ధి గడ్డి తిని, ఒంటరిగా ఒక జలపాతం చూడటానికి పోయాడు. పక్కన చెప్పేవాడు లేడు. నీళ్లు పడుతుంటే పొద్దంతా అలా చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక ఎవరితోనూ తగాదా పెట్టుకోలేదు. తూకంలో చెయ్యి పెట్టలేదు. ఎదురింటాయన్ను చూసి నవ్వాడు కూడా! ఇంట్లోవాళ్లు హడలిపోయి ఆదిలాబాద్ తీసుకుపోయి డాక్టరుకు చూపించారు. డాక్టరు నాడి పట్టుకుని, "ఈయన నీళ్లను గైడు లేకుండా చూసినట్టున్నాడు" అన్నాడట. ఆ మనిషి మళ్లీ వ్యాపారంలో పడటానికి రెండు పత్తి సీజన్లు పట్టింది.

ఇంకొకాయన సంగతి వినండి. ఖానాపూర్ అడవిలో గైడు లేకుండా పులిని చూశాడు. పులికీ గైడు లేడు. ఎవరు ఎవరిని చూడటానికి వచ్చారో తేలక ఇద్దరూ పొద్దు వాలేదాకా ఎదురెదురుగా నిలబడ్డారు. చివరికి పులికే ఇంటి దగ్గర ఏదో పనుండి వెళ్లిపోయింది. గైడు ఉంటే ఇంత అయోమయం ఉండేదా?

నవాబుల కాలం పోయింది. హైదరాబాద్ స్టేటు పోయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది. బ్లాకు ఆఫీసులు వచ్చాయి, జీపులు వచ్చాయి. ఇన్ని వచ్చినా జనం ఇంకా సొంత కళ్లతోనే చూస్తున్నారంటే ఎంత సిగ్గుచేటు!

అందుకే గోదావరి పక్క బొగ్గు గనుల కాలనీలో జరిగిన ఒక సంగతి మీకు చెప్పి తీరాలి. ఆ గని పేరు అడగకండి. కంపెనీ పేరు అసలే అడగకండి. మంచి పనులు చేసేవాళ్లకు పేరు మీద ఆశ ఉండదు.

ఆ కాలనీలో సారయ్య అనే ఫిల్లర్ ఉండేవాడు. ఫిల్లర్ అంటే, గని లోపల పేల్చిన బొగ్గును తట్టలకెత్తి పట్టాల మీద నడిచే ఇనప టబ్బుల్లో నింపేవాడు. సారయ్యది నైట్ షిఫ్టు. అతని పెళ్లాం అనసూర్యది పగటి పని. గని పైన బొగ్గులోంచి రాళ్లు ఏరుతుంది. పొద్దున క్వార్టరు గడప దగ్గర ఒకరు లోపలికి వస్తుంటే ఒకరు బయటికి పోతుంటారు. సాయంత్రం అదే గడప, అదే ఎదురు రాక. పెళ్లయినప్పటి నుంచి ఇద్దరికీ పోట్లాడుకోవడానికి కూడా తీరిక దొరకలేదు. ఇంతటి అన్యోన్య దాంపత్యం ఇంకెక్కడైనా ఉందా?

ఆదివారం ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ ఉన్నది ఒకే గది, ఆ గదిలో సారయ్య తల్లి దేవవ్వ ఉంటుంది. దేవవ్వ చెవులు సామాన్యమైనవి కావు. రెండు లైన్ల అవతల ఎవరింట్లోనైనా పాలు పొంగబోతుంటే, "ఓ పిల్లా, పొయ్యి మీద చూస్కో!" అని ఇక్కడి నుంచే కేకేసేది. అలాంటి చెవుల పక్కన పడుకుని మొగుడూ పెళ్లాలు గుసగుసలాడటమంటే ఆలిండియా రేడియోలో మాట్లాడినట్టే.

ఇప్పుడు సారయ్య కడుపులో ఒక మాట ఉంది.

బతుకమ్మ పండుగకు ముందు ఒక షిఫ్టులో, టబ్బు నింపుతూ మధ్యలో దాని పక్కనే కాసేపు కూర్చుని, దాహమై, నీళ్ల సీసా కోసం పక్కకు జరిగాడు. వెనక చప్పుడయింది. తిరిగి చూస్తే తను కూర్చున్న చోట కప్పు నుంచి ఊడిపడ్డ బండ ఉంది. టబ్బు అప్పడమైపోయింది. తోటివాళ్లు వచ్చి, భుజం తట్టి, "నీ నసీబు మంచిగున్నదిరా" అని, ఇంకో టబ్బు తెచ్చి ముందు పెట్టారు. సారయ్య దాన్ని నింపి పైకి వచ్చాడు.

అప్పటి నుంచి గనిలోకి దిగితే కప్పు వైపే చూస్తూ నడుస్తున్నాడు. పైగా సోమవారం నుంచి కొత్త సెక్షన్లో పని చేయమని, కింద పని చూసే ఓవర్‌మన్ చెప్పాడు. అక్కడ కప్పు ఇంకా కచ్చాగా, దన్ను లేకుండా ఉందని అందరూ అనుకుంటున్నారు. దిగనంటే పని పోతుంది, పనితోపాటు క్వార్టరు పోతుంది. దిగితే ఏం పోతుందో సారయ్యకు తెలుసు. ఈ మాట అనసూర్యకు చెప్పి, దిగాలా వద్దా అని ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. అవ్వ వింటే గుండె పగిలేట్టు ఏడుస్తుంది. మరి చెప్పేదెక్కడ?

సరిగ్గా అప్పుడే కంపెనీ వెల్ఫేరు వాళ్లకు కార్మికుల మీద దయ పుట్టింది. ఆదివారం నాడు కార్మిక కుటుంబాలకు కొంగలమడుగు యాత్ర! పొద్దున పోయి పొద్దుగూకే లోపు రావడం. కొంగలమడుగంటే ఊరికి దూరంగా ఉన్న ఒక మడుగు. ఇదివరకు అక్కడ బర్రెలు ఈదేవి. సర్కారు ఒక బోర్డు పాతగానే అది "జలపక్షుల విహార వనం" అయింది. బర్రెలకు బోర్డు చదవడం రాకపోయినా వాటిని తోలేశారు.

సారయ్య సంతోషం చూడాలి! అంత నీళ్లు, అంత ఆకాశం, తల మీద కప్పన్నది లేదు. అవ్వ ఎటూ ఆడవాళ్లతో ముచ్చట్లలో పడుతుంది. ఎక్కడో ఒక గట్టు మీద అనసూర్య పక్కన కూర్చుని కడుపులో మాట చెప్పేయొచ్చు.

పాపం! యాత్రకు గైడు ఉంటాడని అతనికి తట్టలేదు.

గైడు పేరు చొక్కారావు. వెల్ఫేరు ఆఫీసులో ఉద్యోగి, భూములున్న ఇంటి బిడ్డ. గైడు పని నేర్చుకోవడానికి హైదరాబాద్ పోయి ట్రైనింగు అయి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక దొరల టోపీ, ఒక చేతికర్ర, ఒక ఈల తెచ్చుకున్నాడు. ఇంట్లో అందరిలాగే మాట్లాడేవాడు కాస్తా, టోపీ పెట్టగానే పాఠ్యపుస్తకంలా మాట్లాడటం మొదలుపెట్టేవాడు. టోపీ మహిమ!

ఆదివారం పొద్దున లారీ వచ్చింది. చొక్కారావు ఈల ఊదాడు.

"స్త్రీలందరూ ముందు! పురుషులందరూ వెనుక! మధ్యన నీళ్ల డ్రమ్ము!"

సారయ్య బతిమాలుకున్నాడు. "సార్, జర నన్ను మా ఇంటిదాని పక్కన కూసోనియ్యరాదు?"

"నువ్వు పక్షులను చూచుటకు వస్తున్నావా, భార్యను చూచుటకు వస్తున్నావా?"

లారీ అంతా గొల్లున నవ్వింది. గనిలో మందు పెట్టి బొగ్గు పేల్చే షాట్ ఫైరర్ దశరథం సారయ్యకు దోస్తు. అతను ఊరుకుంటాడా? "ఏందిరా సారిగా, పెండ్లాన్ని రోజు చూస్తలేవా?"

"యాడ చూస్తున్న? నేను దిగంగ అది పొయ్యి కాడ, నేను ఎక్కంగ అది పని కాడ. మొన్న బజార్ల కనబడితె నమస్తె పెట్టబోయిన!"

"పెట్టకపోయినవ్! నేను గుడ నిన్ను గుర్తు పట్టకపోదును," అని ముందు నుంచి అనసూర్య కేకేసింది.

లారీ కదిలింది. డ్రమ్ములో నీళ్లు మొగవాళ్ల మీదికి కొంత, ఆడవాళ్ల మీదికి కొంత సమానంగా ఎగిరి పడ్డాయి. మొగుడికీ పెళ్లానికీ మధ్య ఒక డ్రమ్ము పెట్టి కాపురం ఎంత చల్లగా ఉండొచ్చో చూపించిన మొదటి మనిషి చొక్కారావే. ఈ ఒక్క ఉపకారానికే ఆయనకు సన్మానం చేయవచ్చు!

కొంగలమడుగు చేరారు. లారీ వెనక తలుపు దించగానే అందరూ నోళ్లు తెరిచారు. ఎటు చూసినా నీళ్లు, నీళ్ల మీద తామరాకులు, ఒడ్డున మనిషెత్తు తుంగ. నీళ్లలో తెల్లగా, బూడిద రంగుగా, నల్లగా ఎన్ని పిట్టలో! గని కింద నల్లరంగు ఒక్కటే ఎరిగిన కళ్లు ఏం చేయాలో తెలియక తడిసిపోయాయి.

ఈల!

"ఇంకా చూడరాదు! ముందు ఉపన్యాసం. అటు పిమ్మట చూచుట."

చొక్కారావు గట్టు మీద, మడుగుకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డాడు. గైడన్నవాడు ఎప్పుడూ అలాగే నిలబడాలి. పిట్టల వైపు తిరిగి నిలబడితే ఆయన కూడా చూస్తూ ఉండిపోయే ప్రమాదం ఉంది. జలపక్షులనగా ఏమి, అవి జలమునందే ఎందుకు ఉండును, జలము లేనిచో ఏమగును, అని మొదలుపెట్టాడు. వెనకాల లకుముకి పిట్ట ఒకటి బాణంలా నీళ్లలో పడి చేపతో లేచింది. అందరూ "అరెరే!" అన్నారు. తన ఉపన్యాసానికే అనుకుని చొక్కారావు తల ఊపాడు. ఒక గుడ్డికొంగ ఎగిరొచ్చి ఆయన టోపీ మీద వాలింది. అబద్ధమైతే నన్ను అడగండి! ఉపన్యాసం అయ్యేదాకా అది కదల్లేదు. మధ్యలో లేచిపోతే బాగుండదనుకుని ఉంటుంది. పెద్ద ఇంటి కొంగ.

దేవవ్వకు నవ్వాగలేదు. "సారూ, నీ నెత్తి మీద..."

"ప్రశ్నలు చివరన!"

"ప్రశ్న గాదు బిడ్డా, కొంగ!"

"కొంగల విషయము తరువాత వచ్చును!"

తరువాత నడక. గట్టు సన్నగా ఉంది, ఇద్దరిద్దరుగా నడవాలి. సారయ్య సందు చూసుకుని అనసూర్య పక్కకు చేరాడు. మొగుడు పెళ్లాం పక్కపక్కన నడవడం ఆ కాలనీలో ఎవరూ ఎరగరు. వెనకనుంచి ఆడవాళ్లు కిసకిస నవ్వారు. సారయ్య పట్టించుకోలేదు.

"అనసూర్యా, నీతోని ఒక ముచ్చట చెప్పాలె."

"పొద్దటి సంది చూస్తున్న, ఏదో మింగుతున్నవ్, కక్కుతలేవు. ఏంది?"

"మొన్న పండుగ ముందట, నేను కింద..."

ఈల!

"గ్యాంగుల వారీగా నడవవలెను! నీ గ్యాంగు ఏది? అటు పొమ్ము!"

సారయ్య దశరథం పక్కకు పోయాడు. దశరథం ముచ్చట్లన్నీ సారయ్యకు తెలిసినవే. రోజూ గనిలో వినేవే. వాటినే కొంగలమడుగు దాకా వచ్చి మళ్లీ విన్నాడు. అయినా చొక్కారావు గారి దూరదృష్టి చూడండి! తెలిసిన ముచ్చట వింటే మనిషికి గుండె వేగంగా కొట్టుకోదు. తెలియని ముచ్చట పెళ్లాం వింటే ఏమవుతుందో ఎవరు చెప్పొచ్చారు?

మధ్యాహ్నం సద్ది మూటలు విప్పారు. జొన్నరొట్టెలు, మిరపతొక్కు, ఉల్లిగడ్డలు. ఈసారి సారయ్య అనసూర్యకు ఎదురుగానే కూర్చున్నాడు. దేవవ్వ కాస్త అవతల, దశరథం పెళ్లాంతో రొట్టె మందం గురించి వాదులాడుతోంది. సారయ్య గొంతు తగ్గించాడు.

అనసూర్యే ముందుగా అంది, "ఇంకో దాన్నెవ్వతెనన్న చూసుకున్నవా?"

"థూ! ఏం మాటలే!"

"మరి ముద్ద దిగుతలేదు, మాట లేస్తలేదు. రాతిరి పనికి పోయేటోళ్లకు గిదే బీమారి వస్తదని మా రాళ్లేరేటోళ్లు అంటున్నరు. చెప్పకపోతె నేను లారీ ఎక్క. గీ కొంగలతోనే ఉంట."

"గది గాదే. మొన్న నేను కింద..."

"ఏందిరా కొడుకా, కింద ఏంది?" దేవవ్వ చెవి తిరిగింది.

"ఏం లేదవ్వా. తొక్కుల ఉప్పు ఎక్కువైందంటున్న."

"నేను నూరిన తొక్కులనా! ఇన్నేండ్ల సంది తిన్ననాడు లేని ఉప్పు, కొంగలను చూసినంక వచ్చిందా? ఏమే కోడలా, నువ్వే నేర్పినవా వీనికి?"

"నేనేడ నేర్పిన అత్తా? ఆయన నాతోని మాట్లాడితె గద!"

ఈల! ఈల!

"భోజన సమయమున కలహములు వద్దు! పక్షులు భయపడును!"

పక్షులు ఎటువంటి కలహాలకూ భయపడలేదు. నత్తలు ఏరుకు తింటున్నాయి. సారయ్యే సగం రొట్టె మూటలో పెట్టేశాడు. నీళ్లు తాగి లేచాడు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. చిన్న ఈలంటే "ఆగండి". రెండు ఈలలంటే "గోల ఆపండి". ఇంత చక్కటి పద్ధతి పెట్టిన చొక్కారావు, మధ్యాహ్నం పూట ఒక పెద్ద పని చేశాడు. తుంగ చాటున, పొడుగు కాళ్లతో, ఎర్రటి తలతో, మనిషెత్తు కొంగ ఒకటి ఆయనకు కనబడింది. అలాంటిది ట్రైనింగులో బొమ్మలోనే చూశాడు. ఉబ్బితబ్బిబ్బై, గుండెల నిండా గాలి పీల్చి, పొడుగ్గా, ఊపిరి అయిపోయేదాకా ఈల ఊదాడు.

గని కింద షాట్ పేల్చే ముందు ఊదేది అచ్చం ఆ పొడుగు ఈలే.

ఏం చెప్పమంటారు! గట్టు మీదున్న మొగవాళ్లందరూ ఒక్కసారిగా నేలకు కరుచుకుపోయారు. చెవుల మీద చేతులు, మోకాళ్లలో తలలు. కొందరు తుంగలోకి దూకారు. రోజూ తనే ఆ ఈల ఊదే దశరథం కూడా ఒక బండ చాటుకు దొర్లి, "ఎవడ్రా నాకు చెప్పకుంట పేలుస్తున్నడు!" అని అరిచాడు. గనిలోకి దిగని ఆడవాళ్లు మాత్రం నిటారుగా నిలబడి, తమ మొగవాళ్లకు ఒకేసారి ఏ దయ్యం పట్టిందా అని చూస్తున్నారు.

ఆ కలకలానికి మడుగులో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం చిరిగినంత చప్పుడు! అప్పటికే జనం వైపు తిరిగిన చొక్కారావు బెదిరి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన వెనక ఎప్పుడూ ఏముంటుందో మీకు చెప్పాను కదా. బురదలో నడుము దాకా దిగిపోయాడు. టోపీ తేలింది.

"అవ్వో! సచ్చిన్రా! జర పట్టుండ్రిరా నన్ను!"

టోపీ పోగానే భాష ఎంత బాగుపడిందో గమనించారా?

మొగవాళ్లు ఒక్కొక్కరే తలెత్తారు. బొగ్గు లేదు, పొగ లేదు, పైన ఆకాశం ఉంది. ఒకరినొకరు చూసుకుని పొట్టలు పట్టుకుని నవ్వారు. గైడును లాగడానికి పోయారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఒక్క సారయ్య లేవలేదు.

ఈల వినగానే అతను నేల మీద పడుకోలేదు. ఎక్కడున్నాడో, ఎంత దూరం ఉరికాడో తెలియదు, అనసూర్య మీద పడ్డాడు. ఆమెను గట్టు వాలుకు నెట్టి, మీద తను కప్పుగా వంగి, రెండు చేతులూ ఆమె తల చుట్టూ వేశాడు. నవ్వులు విన్నాడు. అయినా చేతులు తీయలేదు.

"లే అయ్యా. అందరు చూస్తున్నరు," అంది అనసూర్య.

లేవలేదు.

"ఏమైంది?" ఈసారి గొంతు తగ్గించింది. "నాకు చెప్పు. ఏం పడుతదనుకున్నవ్?"

"బండ."

"ఏ బండ?"

"కప్పు బండ. మొన్న పడ్డది. నేను కూసున్న కాడనే పడ్డది. నీళ్ల కోసం జరిగిన. జరగకపోతె..."

అనసూర్య కింద నుంచే చెయ్యి తీసి అతని వీపు మీద వేసింది.

"గిదా నువ్వు మింగుతున్నది?"

"రేపటి సంది కొత్త సెక్షన్ల దిగుమన్నరు. గాడ ఇంకా కచ్చ ఉన్నదట. నాతోని కాదే. కాళ్లు వస్తలేవు."

నాలుగడుగుల దూరంలో దేవవ్వ నిలబడి ఉంది. రెండు లైన్ల అవతల పాలు పొంగితే వినే ఆ చెవులకు ఇది వినబడకుండా ఉంటుందా? కానీ దేవవ్వ ఏడవలేదు, అరవలేదు. తిరిగి నిలబడి, అటుగా వస్తున్న ఆడవాళ్లతో, "గిటు రాకుండ్రి. గైడు సారు చూడొద్దన్నడు," అంది.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా? పెళ్లయినప్పటి నుంచి ఆ గదిలో చోటు దొరకని మాట, గైడు గారి ఒక్క ఈలతో బయటికి వచ్చింది! ఇంత మేలు ఏ దేవుడు చేశాడు? ఒక లారీ, ఒక డ్రమ్ము, ఒక మడుగు, కొన్ని వేల కొంగలు, ఒక ఈల. భార్యాభర్తలు ఒక మాట చెప్పుకోవడానికి కంపెనీ ఇంత ఏర్పాటు చేసింది. ఇంకొక గది కట్టించడమనే చౌకబారు ఉపాయానికి అది పోలేదు.

చొక్కారావు బట్టలు పిండుకుని, టోపీ పెట్టుకుని, భాష సర్దుకుని, అందరినీ ఆఖరి మజిలీకి తీసుకుపోయాడు. అక్కడ మడుగు అంచున ఒక ముసలి మద్దిచెట్టు నీళ్ల వైపు వంగి ఉంది. కొమ్మల నిండా నత్తగుల్ల కొంగల గూళ్లు. కొమ్మలు బరువుకు విరిగి గూళ్లు పడిపోకుండా, ఒక్కో కొమ్మ కింద బలమైన దుంగలు నిలబెట్టారు. లావుపాటి దుంగలు, దగ్గర దగ్గరగా.

"పక్షుల క్షేమమునకై సర్కారు వారు ఎంత శ్రద్ధ తీసుకొనుచున్నారో చూడుడు!"

మొగవాళ్లు చూశారు. పొద్దుటి నుంచీ ఏ పిట్టనూ అంత శ్రద్ధగా చూడలేదు. దగ్గరికి పోయి, దుంగల మీద చెయ్యి వేసి, తట్టి చూశారు. దశరథం ఒకదాన్ని కౌగిలించుకున్నంత పని చేశాడు.

"అబ్బ! ఏం కట్టెరా! మన కాడ కప్పుకు పెట్టేటివి గిసుంటియే గద. అడిగితె కట్టె రాలే, రాలే అంటరు. యాడికి పోయిందనుకున్నం. గీడున్నది!"

"మెల్లగ అను, కొంగలింటయి," అన్నాడు ఇంకొకడు.

చొక్కారావు ఈల ఊదలేదు. ఈల బురదలో పోయింది. "ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చును," అన్నాడు.

అప్పుడు అనసూర్య ముందుకు వచ్చింది. ఆమెకు అలవాటు లేదు. కొంగు నడుముకు చెక్కుకుని, ఆ దుంగల వైపు చూస్తూ అడిగింది.

"సారూ, గీ కొమ్మలు ఇరుగుతయో లేదో చూసేటందుకు మనిషిని పెట్టిండ్రా?"

"పెట్టినారు. వారమునకు ఒకసారి వచ్చి ప్రతి కొమ్మను పరీక్షించును."

"మంచిదే సారూ. ఆయనను జర మా గనిలకు గుడ తోలియ్యరాదు? మావోళ్ల నెత్తి మీది కప్పు గుడ ఒక్కపారి చూసిపోతడు."

చొక్కారావు టోపీ సర్దుకున్నాడు. ఒకసారి చెట్టును చూశాడు, ఒకసారి మొగవాళ్లను చూశాడు.

"ఇది పక్షులకు సంబంధించిన ప్రశ్న కాదు," అన్నాడు చివరికి. "అది వేరే శాఖ."

తిరుగు ప్రయాణంలో అనసూర్య ఆడవాళ్ల వైపు కూర్చోలేదు. డ్రమ్ము పక్కకు నెట్టి మొగుడి పక్కన కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. లారీ రోడ్డెక్కాక, అందరికీ వినబడేటట్టే చెప్పింది.

"రేపు నువ్వు దిగవు. ఖానాపూర్ల మా అన్న పొలం పాలుకు చేసుకొమ్మంటున్నడు. పోదాం."

"క్వార్టరు పోతది. నీ పని గుడ పోతది," అన్నాడు సారయ్య.

"పోనీ. రాళ్లు నేను యాడన్న ఏరుత. పొలంల లేవా?"

"అవ్వ ఏమంటదో?"

"అవ్వ ఏమంటది!" అని దేవవ్వ ముందు నుంచి అరిచింది. "అవ్వ మూట కట్టుడు మొదలువెట్టింది. తొక్కు మాత్రం నేనే నూరుత, ఉప్పు గురించి ఎవ్వడన్న మాట్లాడితె సూడుండ్రి!"

సోమవారం సారయ్య గనిలోకి దిగలేదు. ఆ వారంలోనే క్వార్టరు ఖాళీ చేసి, పొయ్యి రాళ్లతో సహా ఖానాపూర్ బస్సెక్కారు. ఇప్పుడు పగలు ఇద్దరూ ఒకే మడిలో ఉంటారు. పోట్లాటలు కూడా మొదలయ్యాయని వినికిడి.

వెల్ఫేరు ఆఫీసులో చొక్కారావు కీర్తి పెరిగిపోయింది. "చూడండి సార్, మా యాత్ర ప్రభావం!" అని పెద్ద ఆఫీసరుకు చెప్పాడు. "ప్రకృతి మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, ఒక కార్మికుడు ఆ మర్నాడే గని వదిలి పచ్చని పొలాల్లోకి పోయాడు!" ఆఫీసరు పరవశించిపోయి, యాత్రలు నెలనెలా జరపమన్నాడు. ఈల కొత్తది కొనిచ్చాడు.

నాకు ఇందులో ఏ ఆక్షేపణా లేదు. గైడు ఉండాలి, కొంగ ఉండాలి, కొంగ గూడు కింద దుంగ ఉండాలి. ఒక్క చిన్న విన్నపం మాత్రం ఉంది. కొత్త సెక్షన్లో సారయ్య దిగవలసిన చోట ఇప్పుడు కొండల్ అనే కుర్రాడు టబ్బు నింపుతున్నాడు. కొత్తగా పెళ్లయింది, నైట్ షిఫ్టు, పెళ్లానికి ఇంకా ఏమీ చెప్పలేదు. అతని నెత్తి మీద కప్పుకు కట్టె ఇంకా రాలేదట. వేరే శాఖ కదా, ఆలస్యమవుతుంది.

అందుకని కంపెనీ వారూ, దయచేసి ఒక పని చేయండి. షిఫ్టుకు దిగేటప్పుడు కొండల్ చేతికి ఒక కొంగను ఇచ్చి పంపండి. కింద కొంగ ఉందని తెలిస్తే కట్టె తెల్లారేసరికి వచ్చేస్తుంది.